కనబడే రంగు

లారీ మీంచి దింపిన పాత జిప్సీ జీపుని ఇంద్రజ ముందు చెరువుల దగ్గరికే తోలింది. రంగు సంగతి, రిజిస్ట్రేషను సంగతి తర్వాత. అసలు గట్టెక్కుతుందా లేదా అన్నది ఆమెకు ముందు తేలాలి. రెండు వానలు పడి గట్టంతా జిగటగా ఉంది. పోయిన నెలలో ఇదే గట్టు మీద ఆమె తెల్ల కారు చక్రాలు మునిగేలా దిగబడిపోతే ట్రాక్టరు తెచ్చి లాగాల్సి వచ్చింది. పక్క చెరువులు మరిది వంశీవి. అతను తన గట్టు మీద నిలబడి, "చెరువులు ఆడవాళ్లకి పడవండి వదినగారూ. మీ కారుకి కూడా తెలిసిపోయింది" అని నవ్వాడు. నవ్వాడు గాని, ట్రాక్టరు పంపిందీ అతనే.

జిప్సీ ఆ జిగటని లెక్కచెయ్యలేదు. నాలుగు చక్రాలతోనూ పట్టుకుని, పెద్దగా చప్పుడు లేకుండా ముందుకు పాకింది. సైన్యంలో తిరిగినంతకాలం తిరిగి వేలానికొచ్చిన బండి అది. ఒళ్లంతా వెలిసిన పాచి రంగు. గట్టుకి రెండువైపులా తుమ్మలూ జమ్మూ దట్టంగా పెరిగి ఉన్నాయేమో, వాటి మధ్య బండి కూడా ఒక పొదలా కలిసిపోయింది. కాపలా అచ్చిబాబు ఉండే రేకుల మకాం దగ్గరికి వచ్చేదాకా అతని కుక్క సైతం మొరగలేదు.

అందుకే ఆ దృశ్యం ఇంద్రజ కంటబడింది.

రెండో చెరువులో తెప్ప మీద నిలబడి ఒకామె మేత చల్లుతోంది. చీర మోకాళ్ల పైకి దోపుకుంది. తట్టలోంచి గుప్పెడు తీయడం, అరచెయ్యి విప్పుతూ విసరడం, తాడు లాగి తెప్పని మరికాస్త జరుపుకోవడం. ఎక్కడా తడబాటు లేదు. మేత అయ్యాక గట్టు మీదికొచ్చి చెక్ ట్రే తాడు అందుకుంది. నీళ్లలో దింపి ఉంచే ఆ వల పళ్లెంలో మేత ఎంత మిగిలిందో చూస్తేగాని రొయ్య తింటోందో మానేసిందో తెలీదు. పళ్లెం పైకి లాగి, వంగి చూసి, ఆమె తలెత్తింది. బండిని చూసింది.

అరవలేదు. పళ్లెం వదిలేసి, ఒక్క అంగలో గట్టు దాటి, అవతల మురుగు డ్రైనులోకి దూకేసింది. గుర్రపుడెక్క విడిపోయి మళ్లీ మూసుకుంది.

రొయ్యల చెరువు గట్టు ఆడవాళ్లు ఎక్కకూడదని అక్కడ పట్టింపు. చెప్పులతో ఎవరూ ఎక్కకూడదు, ఆడవాళ్లు అసలే ఎక్కకూడదు. ఎక్కితే తెల్లమచ్చ రోగం వచ్చి రొయ్యంతా చచ్చి తేలిపోతుందంటారు. భర్త ఫణీంద్ర పోయాక ఇంద్రజ ఆ పట్టింపు దాటింది. రాజుల కోడలు, చెరువుల యజమానురాలు కాబట్టి ఎదురుగా ఎవరూ ఏమీ అనలేదు. వేరే ఆడమనిషి ఎక్కితే అనకుండా ఊరుకోరు.

అచ్చిబాబు మకాంలోంచి గబగబా వచ్చాడు. "అమ్మగారండి, మీరనుకోలేదండి. మిలట్రీవోళ్లెవరో దారి తప్పొచ్చారనుకున్నానండి." కుడి చెయ్యి తువ్వాలు కింద ఉంది. ఎడమ చేత్తోనే దణ్ణం పెట్టాడు.

"మేత వేశావా?"

"ఆయ్. ఇప్పుడే ఏసి తెప్ప దిగానండి."

అతని లుంగీ మీద నీటిచుక్క లేదు. అతని వెనక, డ్రైనులో, గుర్రపుడెక్క ఆకులు ఇంకా కదులుతున్నాయి. ఆకుల మధ్య ఒక ముఖం, ముక్కు వరకే. అన్ని చెరువుల మురుగూ కలిసి నల్లగా పారే నీళ్లవి. ఎండకి కంపు ఎగదన్నుతోంది.

అడగాల్సినవి చాలానే ఉన్నాయి. నోటిదాకా వచ్చాయి కూడా. ఒక్కో ప్రశ్న అడిగినంతసేపు ఆ మనిషి ఆ నీళ్లలోనే ఉండాలి. ఇంద్రజ స్టీరింగు గట్టిగా పట్టుకుంది.

"బండి ఎక్కుతుందో లేదో చూద్దామని వచ్చాన్లే. వెళ్తున్నాను."

"ట్రే చూత్తారాండి?"

"ఇప్పుడొద్దు."

ఇరుకు గట్టు మీద బండిని వెనక్కీ ముందుకీ తిప్పుకుంది. అద్దంలోకి చూడలేదు. తను చూస్తే ఆమె తలెత్తదేమో అనిపించింది. వంతెన దాటాక బండి ఆపింది. ఈ పంట వేసిన దగ్గర్నుంచీ తను తెల్ల కారులో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకోబోయి, మానేసింది.

*

మామగారు సత్యనారాయణరాజు అరుగు మీద కుర్చీలో కూర్చుని, పెయింటు కొట్టువాడిచ్చిన రంగుల కార్డుని కళ్లకి దూరంగా పట్టుకుని చూస్తున్నారు. తుంటి ఆపరేషను అయ్యాక ఆయన చెరువుల వైపు వెళ్లలేదు. గట్టు మీద నడవలేరు, కారు గట్టు మీద నిలవదు.

"సైన్యం రంగు ఉంచుకోకూడదంటావేంటమ్మా?"

"కూడదంటండి మామయ్యగారూ. ఆ పచ్చ వాళ్ల బళ్లకి తప్ప ఎవరికీ ఉండకూడదంట. మార్చి చూపిస్తేనే నంబరు ఇస్తారంట."

"అయితే తెలుపు వేయించు. మన ఇళ్లల్లో అన్ని బళ్లూ తెలుపే."

అప్పుడే వంశీ వచ్చాడు. మోటారు సైకిలు దిగి, మెట్టు మీద కూర్చుని తండ్రి చేతిలోంచి కార్డు అందుకున్నాడు. "తెలుపెందుకండి నాన్నగారూ? వంతెన దగ్గర్నుంచే కనబడిపోద్ది. ఇదిగోండి వదినగారూ, ఇది చూడండి." ముదురాకుపచ్చ మీద బొటనవేలు పెట్టాడు. "సైన్యం రంగు కాదు, దానికి తమ్ముడు. ఎవరూ తప్పుపట్టరు. పొదల్లో కలిసిపోద్ది."

"పొదల్లో కలవడం ఎందుకండి? యుద్ధానికా?"

"యుద్ధమేనండి." వంశీ నవ్వలేదు. "మీ గట్టు మీద ఆడమనిషి తిరుగుతోందంటన్నారు మా వాళ్లు."

"నేనే అయ్యుంటాను."

"మీరు తెప్పెక్కరు కదండి."

రాజుగారు కుర్చీలో కాస్త కదిలారు. లోపల ప్రెషర్ కుక్కరు కూత వేసింది. ఎవరూ లేవలేదు.

"వేళాకోళానికి అనట్లేదండి" అన్నాడు వంశీ. గొంతు తగ్గింది. "పోయిన పంట నాకేమైందో చూశారు కదా. చచ్చిన రొయ్యని గంపలకెత్తి గోతిలో పోసి సున్నం చల్లాను. ఆ వాసన ఇప్పటికీ నా చేతులకి వదల్లేదు. మీ నీళ్లూ నా నీళ్లూ కలిసేది ఒకే డ్రైనులో. ఆ మనిషెవరో తెలిస్తే ఆ అచ్చిబాబుని ఆ పూటే పంపించేద్దాం. దొరకాలంటే మాత్రం కనబడకుండా వెళ్లాలి."

అతని మీద కోపం తెచ్చుకుందామనుకుంది ఇంద్రజ. రాలేదు. ఆ గోతి పక్కన అతను తలకి తువ్వాలు చుట్టుకుని ఒంటరిగా కూర్చున్న రోజు ఆమెకు తెలుసు.

"రొయ్యల పట్టుబడికి ఇంకెన్నాళ్లుంది?" అడిగారు రాజుగారు.

"మూడు వారాలండి."

"ఈ పంట నిలబడితే చెరువులు ఇంద్రజవి. నిలబడకపోతే నువ్వు చూసుకుందువుగాని. ఆ మాట అనుకున్నదే. ఈలోగా గట్టు మీద గొడవలు పెట్టుకోకండి ఇద్దరూ." మాట ఇద్దరికీ చెప్పారు. కార్డు మాత్రం కొడుకు చేతిలోంచి తీసి కోడలి చేతికిచ్చారు.

ఆ మనిషి ఎవరో ఇంద్రజకి తెలుసు. ముక్కు వరకు కనబడితే చాలదా? అచ్చిబాబు భార్య చిట్టెమ్మ. పేరు ఇప్పుడే చెప్పేస్తే తన మీద మచ్చ ఉండదు. రేపు ఏం జరిగినా కాపలావాడి తప్పు కిందికి పోతుంది. చెప్పకుండా ఉండి పంట పోయిందా, తెలిసీ దాచిందన్న మాట పడుతుంది. చెరువులు పోతాయి.

కార్డు మడిచి ఒళ్లో పెట్టుకుంది. చెప్పలేదు.

*

మర్నాడు వంశీ మనిషే వచ్చి జిప్సీని భీమవరంలో విజయ్ పాల్ పెయింటింగ్ షెడ్డుకి చేర్చాడు. ఆ మర్నాడు ఇంద్రజ కారులో బయల్దేరింది. ఊరి చివర మంచినీళ్ల ప్లాంటు దగ్గర చిట్టెమ్మ కనబడింది. చెరువులొచ్చాక ఆ చుట్టుపక్కల బావినీళ్లు నోట పెట్టుకునేలా లేవు. డబ్బాలతో కొనుక్కోవాల్సిందే. చిట్టెమ్మ కుళాయి కింద డబ్బా పెట్టి పక్కన గొంతుక్కూర్చుని ఉంది. మెడ చుట్టూ, మోచేతుల వరకూ ఎర్రగా దద్దుర్లు. వాటి మీద పసుపూ వేపాకూ నూరి పట్టించింది. ఎడమ పాదానికి గుడ్డ కట్టు ఉంది.

ఇంద్రజని చూసి లేవబోయింది.

"కూర్చో. కాలికేమైంది?"

"నత్తగుల్ల కోసుకుందండి."

"ఎక్కడ?"

డబ్బా నిండి నీళ్లు పొంగాయి. ఇంద్రజ వంగి కుళాయి కట్టేసింది.

"డ్రైను బాగా లోతా?"

"మెడ దాకానండి" అంది చిట్టెమ్మ. "చూశారాండి?"

"చూశాను."

"మరేటీ అనలేదేంటండి?"

"నేను అంటున్నంతసేపు నువ్వు అందులోనే ఉండాలి కదా."

చిట్టెమ్మ డబ్బా మూత తిప్పుతూ, దానికే చెబుతున్నట్టు చెప్పింది. "శివరాత్రికి ముందండి, నీళ్లు చిలికే ఏరేటరు మోటారు కాడ ఆయనకి షాకు కొట్టింది. కుడిచెయ్యి ముద్ద ఎత్తుకోడానికి కూడా రాదండి. చెబితే మాన్పించేత్తారని చెప్పలేదండి. మేత నేనేత్తన్నాను, ట్రేలు నేను చూత్తన్నాను. అంటుముట్టు రోజుల్లో మాత్రం తెప్పెక్కనండి. యేసయ్య మీద ఒట్టు."

"నేను అడగలేదు కదా అది."

"మొన్నటిదాకా ఇబ్బంది లేదండి. మీ తెల్లకారు వంతెనెక్కగానే కనబడిపోద్ది. తట్ట లోపలెట్టి, చీర సర్దుకుని, నిమ్మళంగా దిగేదాన్నండి. ఈ మిలట్రీ బండి తెలీలేదండి. మీదికొచ్చేసింది. దూకేశాను." మూత బిగించింది. "అమ్మగారండి, దానికి రంగేయిత్తన్నారంట గదా. కాస్త దూరానికి కనబడేది ఏయించండి. అంతేనండి. ఇంకేం అడగను."

ఇంద్రజ డబ్బాకి ఒక చెవి తను పట్టుకుని సైకిలు మీదికి ఎక్కించింది. చిట్టెమ్మ రబ్బరు బెల్టుతో దాన్ని కట్టుకుని, కుంటుతూ తోసుకుపోయింది.

*

షెడ్డులో జిప్సీ పచ్చ చర్మం అప్పటికే పోయింది. వాటర్ పేపరుతో ఒళ్లంతా రుద్ది, బూడిద రంగు ప్రైమరు కొట్టారు. అద్దాలకి పాత పేపర్లు అంటించి ఉన్నాయి. పక్కన మూత తీసిన డబ్బాలో ముదురాకుపచ్చ కలిపి సిద్ధంగా ఉంది.

"ఇదేంటండి?" అంది ఇంద్రజ.

విజయ్ పాల్ స్టూలు తుడిచి వేశాడు. ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. "చిన్నరాజుగారు పొద్దున్నే ఫోన్ చేశారండి. ఈ రంగు చెప్పారు."

"బండి ఎవరిదని చెప్పారు?"

"మీదేనన్నారండి."

"రంగు నన్నడగొద్దా మరి?"

"అడగాల్సిందేనండి" అన్నాడు విజయ్ పాల్, తల గోక్కుంటూ. "మగవాళ్లు ఫోన్ చేసి చెప్తే ఇంట్లో అనుకునే చెప్పుంటారు అనుకుంటామండి. అలవాటైపోయింది. మీరు ఏది వెయ్యమంటే అది వేస్తాను."

"దూరానికి కనబడాలి."

"అయితే పసుపేద్దామండి." మరుక్షణమే తనే చెయ్యి ఊపేశాడు. "వద్దులెండి. పసుపేస్తే మీరు ఒక పార్టీ అంటారు. నీలమేస్తే ఇంకో పార్టీ. ఎరుపుకి ఇద్దరు ముగ్గురున్నారు. కాషాయం సంగతి చెప్పక్కర్లేదు. మొన్నొకాయన మోజుపడి ఆకుపచ్చ, తెలుపు గీతలు వేయించుకెళ్లి, అత్తారింట్లో కాఫీ ఇవ్వలేదని మర్నాడే వెనక్కి తెచ్చాడండి. మన జిల్లాలో ఎవరికీ చెందని రంగు ఈ ప్రైమరొక్కటే."

ఇంద్రజకి నవ్వొచ్చింది. నవ్వుతూ వీధిలోకి చూసింది. ఎవరో ఆవిడ నడిచి వెళ్తోంది. జడలో మూరెడు కనకాంబరాలు. చీర రంగు కూడా తెలియనంత దూరం వెళ్లినా, ఎదురుగా లారీ దుమ్ము రేపుకుంటూ వచ్చినా, ఆ పూలు మాత్రం కనబడుతూనే ఉన్నాయి. ఏడాదిన్నరగా ఆమె కొనని పూలు.

"ఆ రంగు కలపగలరా?"

"ఏదండి?"

"ఆవిడ జడలోది."

"కనకాంబరమాండి? బండికాండి?" విజయ్ పాల్ జిప్సీ వంక జాలిగా చూశాడు. "మంచుకొండల్లో తిరిగుంటుందండి అది."

అతని ఫోను మోగింది. పేరు చూసి, దాన్ని ఆమె వైపు చాపాడు. "చిన్నరాజుగారండి. ఏం చెప్పమంటారు?"

ఇంద్రజ ఫోను అందుకుంది. "వంశీగారూ, నేనండి. షెడ్డులో ఉన్నాను. రంగు నేను చూసుకుంటున్నాను."

"ముదురాకుపచ్చ చెప్పానండి."

"చూశానండి. అది వద్దు."

"ఎందుకొద్దంటారు?"

"కనబడదు."

"మనక్కావలసింది అదే కదండి."

"మీక్కావలసిందండి."

"సరేనండి. పట్టుబడి అయ్యాక మాట్లాడుకుందాం" అని వంశీ పెట్టేశాడు.

విజయ్ పాల్ ఏమీ విననట్టు నారింజ రంగు డబ్బా మూత తీశాడు. కాస్త తెలుపు, ఒక్క చుక్క ఎరుపు, మళ్లీ కాస్త తెలుపు. పుల్లతో తిప్పి, పాత రేకు మూత మీద పూసి, ఎండలోకి తీసుకొచ్చాడు. ఇంద్రజ వీధి చివరిదాకా నడిచి వెనక్కి తిరిగింది. అతను రేకు తల మీదికెత్తి పట్టుకున్నాడు.

"కనబడతందాండి?" అని కేకేశాడు. టీ కొట్టు దగ్గర నలుగురు తిరిగి చూశారు.

ఆమె చెయ్యెత్తింది.

*

బండి ఆ వారంలోనే తిరిగొచ్చింది. వంశీ చూశాడు గాని ఏమీ అనలేదు. అదే ఎక్కువ భయం వేసింది ఇంద్రజకి. రాజుగారు కర్ర పట్టుకుని బండి చుట్టూ ఒక్కసారి తిరిగారు.

"నన్నెక్కించమ్మా. చెరువులు చూసి చాలా కాలమైంది."

"ఇప్పుడాండి?"

"ఇది గట్టెక్కుతుందన్నావుగా?"

"నేనూ వస్తానండి" అని వంశీ వెనక సీట్లో కూర్చున్నాడు.

సరిగ్గా మేత వేసే వేళ. ఫోను చేతి సంచిలో ఉంది. తీసి అచ్చిబాబుతో మాట్లాడితే వెనక వినబడుతుంది. వంశీ మోకాళ్లు ఆమె సీటుకి ఆనుకునే ఉన్నాయి. ఫోనెందుకు, ఈ రంగు వేయించింది దీనికే కదా అనుకుని బండి తీసింది.

వంతెన ఎక్కగానే గట్టంతా కనబడింది. రెండో చెరువు మీద చిన్న ఆకారం పళ్లెం మీదికి వంగి ఉంది. అది నిటారైంది. బండిని చూసింది.

ఇంద్రజ వంతెన మీదే ఆగింది.

"ఆపావేం?"

"గట్టు తడిగా ఉందండి మామయ్యగారూ. గేరు మారుస్తున్నాను."

అక్కడ చిట్టెమ్మకి కంగారే లేదు. పళ్లెం మెల్లిగా నీళ్లలోకి దింపింది. తట్ట మకాం గోడ వెనక పెట్టి వచ్చింది. చీర కుచ్చెళ్లు సర్దుకుంది. డ్రైను వైపు తిరిగి, కట్టు కట్టిన కాలు కాపాడుకుంటూ, ఒక్కో అడుగే వేసుకుంటూ దిగసాగింది. రోజూ స్నానానికి రేవులోకి దిగే మనిషి ఎంత నెమ్మదిగా దిగుతుందో అంత నెమ్మదిగా.

ఇంద్రజ గేరు రాడ్డు మీద చెయ్యి అలాగే ఉంచి చూస్తోంది. మరిదితో మాట పడి, వీధి చివరిదాకా నడిచి ఏరి వేయించిన రంగు. అది చిట్టెమ్మకిచ్చింది ఇదీ. ఆ మురుగులోకి తొందర లేకుండా దిగే వీలు.

హారను మీద అరచెయ్యి ఆనించింది. తియ్యలేదు. హారను మోగుతుండగానే బండి వంతెన దిగి, బురద చిమ్ముకుంటూ గట్టు మీద పరుగెత్తింది. రెండో చెరువు దగ్గర ఆపి, తలుపు తీసి నిలబడింది.

"చిట్టెమ్మా, దిగొద్దు. పైకి రా."

చిట్టెమ్మ ఉన్నచోటే నిలిచిపోయింది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి.

"ఎవరండి ఆవిడ?" వెనకనుంచి వంశీ.

"అచ్చిబాబు భార్యండి. అతనికి షాకు కొట్టి చెయ్యి పడిపోయింది. ఈ పంట మొదలైన దగ్గర్నుంచీ మేత వేసింది ఈవిడే. నాకు తెలుసు. తెలిసే మీకు చెప్పలేదు." ఇంద్రజ వెనక్కి తిరగలేదు. "ఇంక దాక్కోదండి."

"విన్నారా నాన్నగారూ? నేను ముందే చెప్పానా లేదా? రెండు వారాల్లో పట్టుబడి పెట్టుకుని..." వంశీ సీట్లోంచి ముందుకి వంగాడు.

రాజుగారు చెప్పులు బండిలోనే విడిచి, కోడలి భుజం ఆసరాగా గట్టు మీదికి దిగారు. కర్ర బురదలో దిగబడుతుంటే లాక్కుంటూ ట్రే తాడు దగ్గరికి నడిచారు. అచ్చిబాబు తువ్వాలు సర్దుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"ట్రే తియ్యి అచ్చిబాబూ."

అచ్చిబాబు ఎడమ చేత్తో తాడు పట్టుకుని లాగాడు. పళ్లెం కాస్త లేచి జారిపోయింది. మళ్లీ లాగాడు. మళ్లీ జారింది. తువ్వాలు కిందపడి, వంకరపోయిన వేళ్లు బయటపడ్డాయి. రాజుగారు ఆ వేళ్ల వంక చూశారు. ఎక్కువసేపు చూడలేదు.

"నువ్వు తియ్యమ్మా" అన్నారు డ్రైను వైపు తిరిగి.

చిట్టెమ్మ ఇంద్రజ వంక చూసింది. తర్వాత కొంగు నడుముకి చుట్టుకుని పైకెక్కింది. చెయ్యి మీద చెయ్యి వేస్తూ తాడు లాగి, పళ్లెం ఆయన ముందుకి తెచ్చింది. మేత నలుసు కూడా మిగల్లేదు. రొయ్యలు టపటపా ఎగిరాయి.

రాజుగారు ఒక రొయ్యని పట్టి వెలుతురుకి ఎత్తి చూశారు. వీపు పొడుగునా పేగు నిండుగా, నల్లటి గీతలా ఉంది. దాన్ని కొడుకు చేతికిచ్చారు. వంశీ బండి దిగి, గుల్ల మీద వేలితో తడుముతూ తలనుంచి తోకదాకా వెతికాడు. తిప్పి మళ్లీ వెతికాడు. తెల్లమచ్చ ఒక్కటీ లేదు. వంగి, దాన్ని విసిరెయ్యకుండా, నీళ్లలోకి వదిలాడు.

"అమావాస్య వస్తోంది" అన్నారు రాజుగారు. "పాత గుల్ల వదిలే రోజులు. మేత అంతగా తినవు. రేపట్నుంచి కాస్త తగ్గించి వెయ్యి."

ఎవరితో అంటున్నారో చిట్టెమ్మకి అర్థం కాలేదు. మొగుడి వైపు చూసింది. అతను తల దించుకుని ఉన్నాడు. ఇంద్రజ వైపు చూసింది. మళ్లీ రాజుగారి వైపు చూసింది. ఆయన తననే చూస్తున్నారు, జవాబు కోసం.

"ఆయ్, అలాగేనండి" అంది, తాడు రెండు చేతులతో పట్టుకునే.